ఒక్క యాడర్ పట్టుకుని డిజిటల్ లాజిక్ సబ్జెక్టు దాటడం ఎలా

మీ యూనివర్సిటీలో ఈ సబ్జెక్టు పేరు ఎస్‌టీఎల్‌డీ (స్విచింగ్ థియరీ అండ్ లాజిక్ డిజైన్) కావచ్చు, డీఎల్‌డీ (డిజిటల్ లాజిక్ డిజైన్) కావచ్చు, కంప్యూటర్ ఆర్గనైజేషన్‌ని కూడా కలిపేసి డీఎల్‌సీఓ అని పెట్టి ఉండవచ్చు. పేరేదైనా లోపలి సరుకు ఒకటే: నంబర్ సిస్టమ్స్, బూలియన్ ఆల్జీబ్రా, కే-మ్యాప్, గేట్లతో కట్టే సర్క్యూట్లు, ఫ్లిప్‌ఫ్లాప్‌లు, కౌంటర్లు, ఆఖర్లో ఓ చిన్న కంప్యూటర్. యూనిట్లుగా విడగొట్టి చెప్తారు కాబట్టి మనమూ యూనిట్లుగానే చదువుతాం. మిడ్ అయిపోగానే ఆ యూనిట్‌ని మర్చిపోతాం. తర్వాతి సెమ్‌లో ప్రాసెసర్ బొమ్మ వేసి అందులో లెక్కలు చేసే భాగానికి ఏఎల్‌యూ అని ఒక డబ్బా గీస్తారు. ఆ డబ్బాలో ఉన్నది మొన్న ల్యాబ్‌లో మనం కట్టిన, సంఖ్యల్ని కూడే యాడరేనని క్లాసులో ఎక్కువ మందికి తట్టదు. నాకూ తట్టలేదు.

అందుకే ఇలా చేయమంటాను. సెమిస్టర్ మొత్తానికీ ఒకే ఒక్క సర్క్యూట్ పట్టుకోండి. నాలుగేసి బిట్ల రెండు సంఖ్యల్ని కూడేది, మీట మార్చితే తీసివేసేది. దాన్ని ముందు కాగితం మీద, తర్వాత సిమ్యులేటర్‌లో, ఆపైన బ్రెడ్‌బోర్డ్ మీద కట్టండి. చివరికి అదే సర్క్యూట్‌ని ఒక బుల్లి కంప్యూటర్‌లో కూర్చోబెట్టండి. సిలబస్‌లో పెద్ద భాగం దారిలోనే తగులుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు ఓ ఆరేడు కేటాయిస్తే సరిపోతుంది.

మొదటి అడుగు: సంఖ్యలు

0 నుంచి 15 వరకు బైనరీలో, ఎక్కడా ఆగకుండా, చూడకుండా రాయడం రావాలి. ఇది ఎక్కాల్లాంటిది. వేళ్లకు అలవాటు కాకపోతే తర్వాత ప్రతి ట్రూత్ టేబుల్ (ఏ ఇన్‌పుట్లకు ఏ అవుట్‌పుట్ వస్తుందో రాసే పట్టిక) దగ్గరా తడుముకుంటారు.

బైనరీలో నెగటివ్ సంఖ్యలు రాసే పద్ధతైన టూస్ కాంప్లిమెంట్‌ని మాత్రం “బిట్లన్నీ తిప్పు, ఒకటి కలుపు” అని బట్టీ పట్టకండి. పన్నెండు గంటల బదులు పదహారు గంటలున్న గోడగడియారం ఊహించుకోండి. అంకెలు 0 నుంచి 15 వరకు. ముల్లు 5 మీద ఉంది. మూడు గంటలు వెనక్కి తిప్పితే 2 మీదికొస్తుంది. పదమూడు గంటలు ముందుకు తిప్పినా 2 మీదికే వస్తుంది. అంటే ఈ గడియారంలో −3 అన్నా 13 అన్నా ఒకటే. 3 అంటే 0011. బిట్లన్నీ తిప్పితే 1100, అంటే 12, అంటే 15 లోంచి 3 పోయింది. ఒకటి కలిపితే 13, అంటే 16 లోంచి 3 పోయింది. బట్టీ పట్టిన సూత్రం వెనకున్న సంగతి ఇంతే.

ఇప్పుడు 5−3ని కూడికగా చేయండి: 0101కి 1101 కలపండి. 1 0010 వస్తుంది. ఐదో బిట్ పెట్టడానికి చోటు లేదు, వదిలేస్తే 0010, అంటే 2. తర్వాత 5+4 చేయండి: 0101కి 0100 కలిపితే 1001. సైన్ ఉన్న సంఖ్యగా చదివితే అది −7! ఇదే ఓవర్‌ఫ్లో. పై బిట్‌లోకి వచ్చిన క్యారీ, దాన్నుంచి బయటికి పోయిన క్యారీ ఒకటే అయితే లెక్క సరైనది, వేరైతే ఓవర్‌ఫ్లో. మొదటి లెక్కలో లోపలికి 1, బయటికి 1. రెండో దాంట్లో లోపలికి 1, బయటికి 0. ఇలాంటివి ఓ ఇరవై చేతితో చేయండి. ఈ నియమం బ్రెడ్‌బోర్డ్ దగ్గర మళ్లీ అడ్డం తగులుతుంది.

రెండో అడుగు: టేబుల్ నుంచి గేట్లకి

ఫుల్ యాడర్‌కి మూడు ఇన్‌పుట్లు: ఏ, బీ, కింది స్థానం నుంచి వచ్చిన క్యారీ సీ. 0 నుంచి 7 దాకా ఎనిమిది వరుసల టేబుల్ రాయండి. మొత్తం అంటే సమ్, 1, 2, 4, 7 వరుసల్లో 1 అవుతుంది. బయటికి పోయే క్యారీ 3, 5, 6, 7 వరుసల్లో 1 అవుతుంది.

ఇప్పుడు కే-మ్యాప్, అంటే టేబుల్‌ని గళ్లలో వేసి ఎక్స్‌ప్రెషన్‌ని చిన్నది చేసే పద్ధతి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మారిస్ కార్నో 1953లో దీన్ని ప్రచురించాడు, ‘కే’ ఆయన పేరులోదే. అడ్డం వరుస తలమీద 00, 01, 11, 10 అని రాస్తాం. పరీక్షలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే: చెయ్యి అలవాటు కొద్దీ 00, 01, 10, 11 అని రాసేస్తుంది. పక్కపక్క గళ్ల మధ్య ఒక్క బిట్ మాత్రమే మారాలి. అప్పుడే రెండు 1లను కలిపి చుట్టితే మారుతున్న ఆ వేరియబుల్ ఎగిరిపోతుంది. 01 నుంచి 10కి వెళ్తే రెండు బిట్లు మారతాయి, ఇక చుట్టడానికి అర్థమే లేదు. అలాగే ఎడమ అంచు, కుడి అంచు కూడా పక్కపక్కవే. చాపని చుట్టినప్పుడు రెండు అంచులూ తాకుతాయి చూడండి, అలా.

క్యారీ మ్యాప్‌లో మూడు జతలు దొరుకుతాయి, మూడూ 7వ గడిని పంచుకుంటాయి: ఏ·బీ + బీ·సీ + సీ·ఏ (ఇక్కడ · అంటే ఆండ్, + అంటే ఓఆర్). మూడింట్లో కనీసం రెండు 1లైతే క్యారీ అని తెలుగులో చెప్పుకున్నా అదే. సమ్ మ్యాప్ గీయగానే మాత్రం చాలామంది కంగారు పడతారు, ఒక్క జతా దొరకదు. 1లు చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. కే-మ్యాప్ చేతులెత్తేసిన ఈ బొమ్మే ఎక్సార్ (రెండు బిట్లు వేరైతేనే 1 ఇచ్చే గేటు) గుర్తు. చదరంగం బల్ల కనిపిస్తే ఎక్సార్ అని గుర్తుపెట్టుకోండి: ఏ ⊕ బీ ⊕ సీ.

క్లాసులో సాధారణంగా చెప్పని ఒక విషయం ఇక్కడ చెప్పాలి. కే-మ్యాప్ ఇచ్చిన “అతి చిన్న” ఎక్స్‌ప్రెషన్ బోర్డు మీద అతి చవకైనది కానక్కర్లేదు. క్యారీని ఏ·బీ + సీ·(ఏ ⊕ బీ) అని కూడా రాయవచ్చు. ఏ ⊕ బీ ఎలాగూ సమ్ కోసం కడుతున్నాం, దాన్నే మళ్లీ వాడుకోవచ్చు. నాలుగు బిట్లకు లెక్కేయండి. మొదటి పద్ధతిలో 8 ఎక్సార్లు, 12 ఆండ్లు, 8 ఓఆర్లు. ఒక్కో ఐసీలో నాలుగేసి గేట్లు కాబట్టి ఏడు ఐసీలు. రెండో పద్ధతిలో 8 ఎక్సార్లు, 8 ఆండ్లు, 4 ఓఆర్లు. ఐదు ఐసీలు చాలు.

ఇంకో చిట్కా ఉంది. ఏ·బీ, సీ·(ఏ ⊕ బీ) రెండూ ఒకేసారి 1 కావు. ఏ, బీ రెండూ 1 అయితే ఏ ⊕ బీ 0 కదా. రెండూ ఒకేసారి 1 కానప్పుడు ఓఆర్‌కీ ఎక్సార్‌కీ తేడా లేదు. కాబట్టి ఎక్సార్ ఐసీ 7486లో మిగిలిన గేటునే ఓఆర్‌గా వాడేయండి. ఒక 7486, ఆండ్ గేట్ల 7408 ఒకటితో ఒక బిట్ ఫుల్ యాడర్ పూర్తయిపోతుంది, ఓఆర్ గేట్ల 7432 కొననక్కర్లేదు. వైవాలో “ఓఆర్ గేట్ ఏదయ్యా?” అని అడిగితే ఈ మాట చెప్పండి. ఆ రోజు వైవా అక్కడితో అయిపోతుంది.

మూడో అడుగు: సిమ్యులేటర్

కార్ల్ బర్చ్ రాసిన లాజిసిమ్ ఉచితం. ఇప్పుడు దాని కొనసాగింపుగా లాజిసిమ్-ఎవల్యూషన్ నడుస్తోంది, అది దింపుకోండి. ఫుల్ యాడర్‌ని ఒక సబ్‌సర్క్యూట్‌గా కట్టి, దాన్నే నాలుగుసార్లు పక్కపక్కన పెట్టి, ఒకదాని క్యారీ తర్వాతిదానికి కలపండి. రెడీమేడ్ యాడర్ మెనూలో ఉంటుంది, ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి.

వైర్ల రంగులు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. వెలుగు ఆకుపచ్చ 1, ముదురు ఆకుపచ్చ 0, నీలం అంటే ఆ వైరుకి ఏదీ విలువ ఇవ్వడం లేదు, ఎరుపు అంటే గొడవ, నారింజ అంటే బిట్ల వెడల్పు కుదరలేదు.

తీసివేత కోసం మోడ్ అని ఒక లైను తీసుకోండి. బీ బిట్లు నాలుగింటినీ నాలుగు ఎక్సార్ల గుండా పంపి, ప్రతి ఎక్సార్ రెండో కాలికి ఈ మోడ్ లైన్ ఇవ్వండి. అదే లైన్‌ని మొట్టమొదటి క్యారీ ఇన్‌పుట్‌కి కూడా కలపండి. మోడ్ 0 అయితే బీ ఉన్నదున్నట్టు వెళ్తుంది. మోడ్ 1 అయితే బిట్లన్నీ తిరుగుతాయి, క్యారీ కాలి దగ్గర ఒకటి కలుస్తుంది. మొదటి అడుగులో చేతితో చేసిందే ఒక్క వైరుతో జరిగిపోతుంది.

మోడ్‌తో కలిపి మొత్తం 512 కాంబినేషన్లు. అన్నీ నొక్కి చూడక్కర్లేదు. 0+0, 15+1, 7+1, 8+8, 5−5, 0−1 చూడండి. తప్పులు దాక్కునేవి అంచుల్లోనే.

నాలుగో అడుగు: బ్రెడ్‌బోర్డ్

సిమ్యులేటర్‌లో అయిపోయింది కదా, మళ్లీ వైర్లెందుకు అంటారు. సిమ్యులేటర్‌లో కరెంటు ఉండదు, వదులు వైరు ఉండదు, తిరగేసి గుచ్చిన ఐసీ ఉండదు. ఇంజనీరింగ్‌లో సగం అవే.

కావాల్సినవి: బ్రెడ్‌బోర్డ్, 74ఎల్ఎస్83 (నాలుగు బిట్ల యాడర్ ఐసీ, 7483 అన్నా ఇదే) ఒకటి, 74ఎల్ఎస్86 (ఎక్సార్ల ఐసీ, 7486 అన్నా ఇదే) రెండు, స్విచ్‌ల వరుస, ఎల్‌ఈడీలు, 470 ఓమ్ రెసిస్టర్లు ఓ డజను, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఐసీకి ఒకటి చొప్పున, సింగిల్ కోర్ వైరు, ఓ మల్టీమీటర్. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక్క చుట్టులో దొరుకుతాయి. సప్లై 5 వోల్టులే. ఎల్ఎస్ ఐసీలకు 4.75 నుంచి 5.25 దాకా మాత్రమే ఇవ్వాలి. చేతికి అందింది కదా అని 9 వోల్టుల బ్యాటరీ తగిలించకండి.

ఐసీని గాడి ఎడమవైపు వచ్చేలా పెడితే కింద ఎడమ మూల మొదటి పిన్. అక్కణ్నుంచి కుడికి వెళ్లి, పైకెక్కి, వెనక్కి రావాలి. పద్నాలుగు కాళ్ల గేట్ ఐసీలకు 14కి 5 వోల్టులు, 7కి గ్రౌండ్. ఈ అలవాటే కొంప ముంచుతుంది.

నేను రెండో ఏడాదిలో ఉండగా 7483కి పదహారు కాళ్లున్నాయి కాబట్టి 16కి 5 వోల్టులు, 8కి గ్రౌండ్ ఇచ్చేశాను. ఒక్క లెక్కా కుదరలేదు. చిప్ పోయిందనుకుని స్టోర్ నుంచి ఇంకోటి తెచ్చాను. అదీ అంతే. మూడోది తెస్తుంటే ల్యాబ్ అసిస్టెంట్ అన్న నవ్వి, “ముందు డేటాషీట్ తెరువు తమ్ముడూ” అన్నాడు. 7483కి సప్లై 5వ పిన్‌కి, గ్రౌండ్ 12వ పిన్‌కి. నేను పోయాయనుకున్న రెండు చిప్పులూ బంగారంలా పనిచేశాయి. 7475, 7476, 7490 కూడా ఇదే జాతి, వాటికీ సప్లై 5వ పిన్‌కే. ఈ తలనొప్పి వద్దనుకుంటే అదే పని చేసే 74ఎల్ఎస్283 తీసుకోండి, దానికి సప్లై 16, గ్రౌండ్ 8. నార్ గేట్ల 7402తో ఇంకో రకం జాగ్రత్త: నాండ్ గేట్ల 7400లో అవుట్‌పుట్లు 3, 6, 8, 11 అయితే, 7402లో 1, 4, 10, 13.

ఐసీని తిరగేసి గుచ్చితే సప్లై, గ్రౌండ్ తారుమారై క్షణాల్లో వేలు పెట్టలేనంత వేడెక్కుతుంది. స్విచ్ వేయగానే ప్రతి ఐసీ మీదా వేలు పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. వాసన వచ్చాక చూసి లాభం లేదు.

కట్టే వరుస ఇది. ముందు సప్లై, గ్రౌండ్ పట్టీలు. చాలా బోర్డుల్లో ఈ పట్టీలు మధ్యలో తెగి ఉంటాయి, ఎర్రగీత కూడా అక్కడ ఆగిపోతుంది చూడండి. ఆ సందు మీద చిన్న వైరు వేయండి. తర్వాత ఐసీలు, ఒక్కోదాని సప్లై పక్కనే ఒక కెపాసిటర్. ఆపైన మోడ్ లైన్: 7486లో నాలుగు గేట్లకూ ఒక్కో కాలు, 7483లో 13వ పిన్. చివరికి స్విచ్‌లు, ఎల్‌ఈడీలు. ప్రతి బిట్‌కీ ఒక రంగు వైరు వాడితే రాత్రి పదింటికి నన్ను తలుచుకుంటారు.

ఎల్‌ఈడీల గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎల్ఎస్ ఐసీ అవుట్‌పుట్ 0లో ఉన్నప్పుడు 8 మిల్లీఆంపియర్ల దాకా మింగగలదు. 1లో ఉన్నప్పుడు ఇవ్వగలిగింది 0.4 మాత్రమే. ఇవ్వడానికి చెయ్యి రాదు, తీసుకోవడానికి వస్తుంది అన్నమాట. అందుకని అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఎల్‌ఈడీ పెట్టకండి. 5 వోల్టుల నుంచి రెసిస్టర్, ఎల్‌ఈడీ మీదుగా అవుట్‌పుట్‌కి తెండి. అప్పుడు 0కి వెలుగుతుంది, 1కి ఆరుతుంది. తిరకాసుగా ఉంటుంది కానీ ఒక రోజులో కళ్లు అలవాటు పడతాయి. ల్యాబ్ ట్రైనర్ కిట్‌లో ఎల్‌ఈడీలకు ముందే బఫర్ ఉంటుంది కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు.

ఓవర్‌ఫ్లో ఎల్‌ఈడీ పెడదామంటే ఒక చిక్కు. మన నియమానికి పై బిట్‌లోకి వచ్చే క్యారీ కావాలి. 7483 ఆ క్యారీని బయటికి ఇవ్వదు, లోపలే దాచుకుంటుంది. కానీ సమ్ = ఏ ⊕ బీ ⊕ లోపలి క్యారీ కదా. అంటే పై బిట్ ఏ, దానికెళ్లే బీ, వచ్చిన సమ్, మూడింటినీ ఎక్సార్ చేస్తే దాచుకున్న క్యారీ బయటపడుతుంది. దాన్ని బయటి క్యారీతో మళ్లీ ఎక్సార్ చేస్తే ఓవర్‌ఫ్లో. మూడు గేట్లు, రెండో 7486 అందుకే. బీ అంటే ఇక్కడ స్విచ్ దగ్గరి బీ కాదు, మోడ్ ఎక్సార్ దాటి వచ్చిన బీ. ఇది తప్పు తీసుకుంటే కూడికలన్నీ బాగుండి తీసివేతల్లో మాత్రం ఎల్‌ఈడీ అబద్ధాలాడుతుంది.

పనిచేయకపోతే, మొదటిసారి పనిచేయదు కూడా, అన్ని వైర్లూ పీకేసి మొదటికి రాకండి. మల్టీమీటర్ నల్లతీగ గ్రౌండ్‌కి పెట్టి, ఎర్రతీగతో ఐసీ కాలినే తాకండి. బోర్డు రంధ్రాన్ని కాదు, కాలిని. ముందు సప్లై కాలు, తర్వాత ఇన్‌పుట్ కాళ్లు, ఆఖరికి అవుట్‌పుట్. 0.8 వోల్టుల లోపుంటే 0, 2 పైనుంటే 1 అని ఐసీ చదువుకుంటుంది. రెండింటికీ మధ్య 1.4, 1.5 లాంటిది కనిపిస్తే దొంగ దొరికినట్టే, ఆ కాలికి ఏ వైరూ తగల్లేదు. ఎల్ఎస్‌లో గాలిలో వేలాడే ఇన్‌పుట్ 1లా ప్రవర్తిస్తుంది. అందుకే వైరు ఊడినా సగం లెక్కలు సరిగ్గా వస్తాయి, మిగతా సగం మనల్ని పిచ్చివాళ్లని చేస్తాయి. అదే 74హెచ్‌సీ ఐసీ అయితే వేలాడే కాలు చెయ్యి దగ్గరికి తెచ్చినా మారిపోతుంది. వాడని ఇన్‌పుట్లను దేనికో ఒకదానికి కట్టేయండి.

ఐదో అడుగు: గుర్తుపెట్టుకోవడం

ఇప్పటిదాకా కట్టినదానికి జ్ఞాపకం లేదు. 74ఎల్ఎస్175 ఒకటి తెచ్చుకోండి, అందులో ఒక్కో బిట్‌ని దాచుకునే డీ ఫ్లిప్‌ఫ్లాప్‌లు నాలుగు, అన్నింటికీ ఒకే క్లాక్. యాడర్ సమ్ బిట్లను దీని డీ కాళ్లకివ్వండి. దీని అవుట్‌పుట్లను తిప్పి తెచ్చి యాడర్ ఏ ఇన్‌పుట్లకివ్వండి. బీ స్విచ్‌ల మీద 3 పెట్టి, క్లియర్ కాలిని ఒకసారి గ్రౌండ్‌కి తాకించి తీసి మళ్లీ 5 వోల్టులకి కట్టేయండి. ఇక క్లాక్ ఇచ్చినప్పుడల్లా 3, 6, 9, 12, 15, ఆ తర్వాత 2 రావాలి. గడియారం ఒక చుట్టు తిరిగింది. దీని పేరు అక్యుములేటర్.

క్లాక్ కోసం మామూలు బటన్ పెడితే ఒక్క నొక్కుకి 3 నుంచి 12కి దూకుతుంది. బటన్ లోపలి రేకులు ఆగే ముందు కొన్ని మిల్లీసెకన్లపాటు గంతులేస్తాయి, ఫ్లిప్‌ఫ్లాప్ ప్రతి గంతునీ లెక్కపెడుతుంది. రెండు వైపులా తగిలే స్విచ్ తీసుకుని, రెండు నాండ్ గేట్లతో ఎస్ఆర్ ల్యాచ్ కట్టి మధ్యలో పెట్టండి. పుస్తకంలో “ఎందుకూ పనికిరాదు” అనిపించే ఎస్ఆర్ ల్యాచ్‌కి అసలు ఉద్యోగం ఇది. చేత్తో నొక్కే ఓపిక లేకపోతే 555 టైమర్: 10 కిలోఓమ్, 68 కిలోఓమ్, 10 మైక్రోఫారడ్ పెడితే సెకనుకి దాదాపు ఒక టిక్.

ల్యాచ్‌కీ ఫ్లిప్‌ఫ్లాప్‌కీ తేడా రాయమని ప్రతి పేపర్లో అడుగుతారు. జవాబు చదవకండి, చూడండి. 175 తీసి, అక్కడ 7475 ల్యాచ్ పెట్టి ఎనేబుల్ 1 చేయండి. తలుపు తెరిచే ఉంది కాబట్టి 3 కలిసిన జవాబు వెంటనే తిరిగొచ్చి మళ్లీ 3 కలుపుకుంటుంది, మళ్లీ, మళ్లీ, పదుల నానోసెకన్లకో చుట్టు. ఎల్‌ఈడీలన్నీ మసకగా వెలుగుతాయి. ఎనేబుల్ తీసేస్తే ఏ సంఖ్య దగ్గర ఆగుతుందో లాటరీయే. ఫ్లిప్‌ఫ్లాప్ అయితే క్లాక్ లేచిన ఆ క్షణంలో ఫొటో తీసి తలుపు మూసేస్తుంది.

ఈలోపు పరీక్షలు వచ్చేస్తాయి. దానికి వేరే తంతు: డీకోడర్, మల్టీప్లెక్సర్, ఫ్లిప్‌ఫ్లాప్ ఎక్సైటేషన్ టేబుళ్లు, సీక్వెన్స్ డిటెక్టర్ స్టేట్ డయాగ్రమ్, పాత పేపర్లు నాలుగైదు. స్టేట్ డయాగ్రమ్‌లో ప్రతి గుండ్రం నుంచీ 0కి ఒక బాణం, 1కి ఒక బాణం కచ్చితంగా బయల్దేరాలి. పేపర్ ఇచ్చేముందు బాణాలు లెక్కపెట్టండి. వెరిలాగ్ (సర్క్యూట్లని కోడ్‌గా రాసే భాష) ఉంటే, క్లాక్ ఉన్న ఆల్వేస్ బ్లాక్‌లో <= వాడాలని, క్లాక్ లేని దాంట్లో ఎల్స్ మర్చిపోతే అడక్కుండానే ఒక ల్యాచ్ పుడుతుందని గుర్తుంటే ఎక్కువ భాగం గట్టెక్కుతారు.

ఆరో అడుగు: కంప్యూటర్

మళ్లీ లాజిసిమ్ తెరవండి. మీ యాడర్, నాలుగు బిట్ల రిజిస్టర్, 16 అడ్రస్‌ల రామ్ కాదు, రోమ్, ఒక్కో గదిలో 8 బిట్లు. ఎనిమిదిలో కింది నాలుగు డేటా, నేరుగా బీకి వెళ్తాయి. పై నాలుగు ఆజ్ఞలు, ఒక్కో బిట్‌కి ఒక్కో పని. విలువ 1 ఉన్న బిట్ అక్యుములేటర్‌లోకి రాయనిస్తుంది, 2 ఉన్నది మోడ్ లైన్, 4 ఉన్నది జంప్. డీకోడర్ కూడా అక్కర్లేదు.

రోమ్‌లో ఏ గది చదవాలో చెప్పే ప్రోగ్రామ్ కౌంటర్‌కి రెడీమేడ్ కౌంటర్ వాడకండి. ఇంకో రిజిస్టర్, దానికి 1 కలిపే ఇంకో యాడర్, ముందు ఒక మల్టీప్లెక్సర్ పెట్టండి. జంప్ 0 అయితే కలిపిన విలువ, 1 అయితే డేటా బిట్లు లోపలికి వెళ్తాయి. మల్టీప్లెక్సర్ ఎందుకు కనిపెట్టారో క్లాసులో కంటే ఇక్కడ బాగా తెలుస్తుంది.

రోమ్‌లో హెక్సాలో 14, 12, 33, 40 అని రాయండి. 4 కలుపు, 2 కలుపు, 3 తీసెయ్, 0వ గదికి పో. క్లాక్ నడిపి, ప్రతి చుట్టు చివరా అక్యుములేటర్ చూడండి: 3, 6, 9, 12, 15, 2. బోర్డు మీద బీ స్విచ్‌లు తిప్పిన చెయ్యి స్థానంలోకి రోమ్ వచ్చింది, అంతే తేడా. ఇంత తక్కువ సామానేమిటని చిన్నచూపు చూడకండి. 1948లో మాంచెస్టర్‌లో నడిచిన ‘బేబీ’ కంప్యూటర్‌కి కూడిక ఆజ్ఞే లేదు, తీసివేతతోనే అన్నీ చేసేది. 1971 నాటి ఇంటెల్ 4004 కూడా నాలుగు బిట్లదే.

దీన్ని కాల్‌క్యులేటర్ నుంచి వేరు చేసేది ఇంకొక్క ఆజ్ఞ. ఆజ్ఞల్లో మిగిలిన 8 విలువ బిట్‌ని “అక్యుములేటర్ సున్నా కాకపోతే జంప్” చేయండి. అక్యుములేటర్ నాలుగు బిట్లనూ ఒక ఓఆర్‌లోకి పంపి, దాన్ని ఈ బిట్‌తో ఆండ్ చేసి, పాత జంప్ బిట్‌తో ఓఆర్ చేసి మల్టీప్లెక్సర్‌కి ఇవ్వండి. ఇప్పుడు రోమ్‌లో 15, 31, 81, 43. ఐదు కలుపు. ఒకటి తీసెయ్. సున్నా కాకపోతే 1వ గదికి పో. 3వ గదిలో అక్కడే తిరుగుతూ ఉండు.

రెండు రిజిస్టర్లనూ సున్నా చేసి ఒక్కో టిక్ ఇవ్వండి. పదకొండో టిక్‌కి ప్రోగ్రామ్ కౌంటర్ 3 దగ్గరికి వచ్చి నిలబడాలి, అక్యుములేటర్‌లో 0 ఉండాలి. అలా కాకుండా పదమూడో టిక్‌కి, అక్యుములేటర్‌లో 15 పెట్టుకుని ఆగిందంటే, సున్నా చూసే ఓఆర్ గేటు వైర్లు రిజిస్టర్ అవుట్‌పుట్ నుంచి కాక యాడర్ అవుట్‌పుట్ నుంచి లాగారు. 81లోని 1ని యాడర్ కలిపేసి చూపిస్తోంది. నాలుగు వైర్లూ అక్కణ్నుంచి తీసి రిజిస్టర్ అవతలికి వేసి, మళ్లీ మొదటి టిక్ నుంచి నడపండి.